హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు (1888, 1889): శస్త్రచికిత్సలో హృదయ లయభంగం అంచనా - చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

గుండె శస్త్రచికిత్స జరిగిన రోగులలో కొందరికి తరువాతి కొద్ది రోజులలో గుండె లయ తప్పుతుంది. అది ఎవరికి తప్పుతుందో ముందుగా చెప్పగలమా అన్నది నేటి హృద్రోగ వైద్యం ముందున్న ప్రశ్న. దీనికి దగ్గరి ప్రశ్న ఒకటి నూట ముప్పై ఏళ్ల కిందట హైదరాబాదు నగరంలోనే చర్చకు వచ్చింది. శస్త్రచికిత్స వేళ మత్తుమందు వల్ల ప్రాణాపాయం గుండె నుంచి వస్తుందా, శ్వాస నుంచి వస్తుందా అని తేల్చడానికి 1888, 1889 సంవత్సరాలలో నిజాం రాజ్యంలో రెండు కమిషన్లు పనిచేశాయి. గుండెకు నేరుగా అపాయం లేదన్న వాటి నిర్ణయం తరువాతి కాలంలో నిలవలేదు. ఆ నిర్ణయం ఎలా ఏర్పడింది, ఎందుకు నిలవలేదు, నేటి అంచనా పద్ధతులను తెలంగాణ రోగులకు వర్తింపజేసేటప్పుడు ఆ చరిత్ర ఏమి బోధిస్తుంది అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: హైదరాబాదు క్లోరోఫారం కమిషన్, ఎడ్వర్డ్ లారీ, నాడీ పరీక్ష, హృదయ లయభంగం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, జహీరాబాదు, తెలంగాణ వైద్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం

జహీరాబాదు నుంచి హైదరాబాదుకు ముంబై రహదారి మీద సుమారు వంద కిలోమీటర్ల దూరం. ఈ ప్రాంతంలో గుండె కవాటం చెడినవారైనా, రక్తనాళాలు మూసుకుపోయినవారైనా శస్త్రచికిత్స కోసం సాధారణంగా ఆ దారినే హైదరాబాదుకు వెళ్తారు. ఆపరేషన్ సవ్యంగా ముగిసిన తరువాత కూడా వైద్యులు ఒక విషయంలో జాగ్రత్త వహిస్తారు. గుండె పై గదులు క్రమబద్ధంగా ముడుచుకోవడం మాని, అస్తవ్యస్తంగా కంపించే స్థితి కొందరిలో ఏర్పడుతుంది. దీనినే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె శస్త్రచికిత్స జరిగినవారిలో నూటికి ఇరవై నుంచి నలభై మందిలో ఇది కనిపిస్తుందని వైద్య సాహిత్యం చెబుతున్నది. కవాట శస్త్రచికిత్స, బైపాస్ ఒకేసారి జరిగినవారిలో ఈ సంఖ్య ఇంకా ఎక్కువ. ఇది తరచుగా రెండవ, మూడవ రోజులలో తలెత్తుతుంది. చాలామందిలో తగ్గిపోతుంది. అయితే ఇది వచ్చినవారిలో పక్షవాతం ముప్పు, ఆసుపత్రిలో ఉండవలసిన రోజులు, మరణాల సంఖ్య ఎక్కువగా ఉన్నట్లు పరిశీలనలు తేల్చాయి.

ముందుగా తెలిస్తే ముందుగా మందులు ఇవ్వవచ్చు. కానీ అందరికీ ఇవ్వడం కుదరదు. లయను నిలిపే మందులకు దుష్ఫలితాలున్నాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులతో రక్తస్రావం ప్రమాదం ఉంది. అందువల్ల ఎవరికి ముప్పు ఎక్కువ అన్న అంచనా అవసరమయింది. అంచనా తప్పితే దాని భారం రోగి మీదనే పడుతుంది. ఈ సంగతిని హైదరాబాదు చరిత్ర ఒకసారి చూసింది.

2. నాడి చెప్పే భవిష్యత్తు: పూర్వ సంప్రదాయాలు

గుండె లయను బట్టి రోగి భవిష్యత్తును చెప్పే ప్రయత్నం యంత్రాలతో మొదలు కాలేదు. ఆయుర్వేదంలో నాడీ పరీక్షను వివరించిన ప్రాచీన గ్రంథాలలో శార్ఙ్గధర సంహిత ముఖ్యమైనది. అందులో నాడి నడకను పాము, కప్ప, హంస వంటి ప్రాణుల గమనంతో పోల్చి దోషాలను నిర్ణయించారు. ఆగి ఆగి నడిచే నాడి ప్రాణహాని సూచకమని కూడా ఆ గ్రంథం చెప్పింది. అంటే లయ తప్పిన నాడిని కేవలం లక్షణంగా కాక, రాబోయే ఆపదకు గుర్తుగా గ్రహించారన్నమాట. తెలుగు వైద్యులు తరతరాలుగా ఆశ్రయించిన బసవరాజీయంలోనూ నాడీ పరీక్షకు ప్రముఖ స్థానం ఉంది.

హైదరాబాదు రాజ్యంలో దీనితో పాటు యునానీ సంప్రదాయం బలంగా ఉండేది. యునానీ హకీములు నాడిని 'నబ్జ్' అంటారు. జింక దూకుడును పోలిన నాడి, చీమ నడకను పోలిన నాడి అంటూ వారూ గతిభేదాలను వర్ణించారు. తెలుగువారి వాడుకలో 'నాడి పట్టడం' అంటే వైద్యం చేయడమే. 'నాడి అందడం లేదు' అంటే ఆశ వదులుకోవలసిన స్థితి. ఇంతగా నాడి మీద ఆధారపడిన వైద్య సంస్కృతి ఉన్న నగరంలోనే, శస్త్రచికిత్స వేళ మత్తు ఇచ్చేవారు నాడిని చూడనవసరం లేదన్న సిద్ధాంతం ప్రపంచ ప్రసిద్ధి పొందడం చరిత్రలో గమనించదగిన విషయం.

3. క్లోరోఫారం వివాదం

1847 నవంబరులో ఎడింబరో నగరంలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారాన్ని మత్తుమందుగా ప్రవేశపెట్టాడు. మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండులోని న్యూకాజిల్ సమీపంలో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలిగోరు తీసే చిన్న ఆపరేషన్ కోసం క్లోరోఫారం పీల్చి మరణించింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి, చిన్న ఆపరేషన్, హఠాన్మరణం. ఇటువంటి మరణాలు అరుదుగానే అయినా మళ్లీ మళ్లీ సంభవించాయి.

కారణం విషయంలో వైద్యలోకం రెండుగా చీలింది. లండన్‌లో జాన్ స్నో వంటివారు గాఢమైన ఆవిరి గుండెను స్తంభింపజేస్తుందని భావించారు. అందువల్ల మత్తు ఇచ్చేవారు నాడిని గమనిస్తూ ఉండాలన్న ఆచారం అక్కడ బలపడింది. ఎడింబరోలో జేమ్స్ సైమ్ బోధన వేరు. శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, నాడిని చూడడం వల్ల దృష్టి చెదురుతుందని ఆయన వర్గం వాదించింది. ఈ భేదం పైకి చిన్నదిగా కనిపించినా, ప్రాణాపాయానికి ముందస్తు సంకేతం ఏది అన్న మౌలిక ప్రశ్న ఇందులో ఉంది.

4. హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ

సైమ్ బోధనను నమ్మిన ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి, హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతి అయ్యాడు. ఈ పాఠశాల 1846లో ఆరంభమయింది. చాలాకాలం బోధన ఉర్దూలో సాగింది. లారీ కాలంలో ఇంగ్లీషుకు మారింది. మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్న కాలంలో మూసీ ఒడ్డున వెలసిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఈ విద్యార్థులకు అభ్యాస స్థలం. 1908 మూసీ వరదలో ఆ ఆసుపత్రి దెబ్బతిన్న తరువాతనే నేటి ఉస్మానియా ఆసుపత్రి నిర్మాణమయింది.

లారీ విద్యార్థులలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. 1885లో ఈ పాఠశాలలో చేరిన తొలి మహిళలలో ఆమె ఉన్నారు. క్లోరోఫారం ఇవ్వడంలో నైపుణ్యం సాధించి, తరువాతి కాలంలో చాదర్‌ఘాట్ ఆసుపత్రి బాధ్యతలు నిర్వహించారు. భారతదేశపు తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చరిత్రకారులు ఆమెను పేర్కొంటారు. లండన్‌లో వైద్యులు వాదించుకుంటున్న విషయాన్ని హైదరాబాదు విద్యార్థులు ప్రతిరోజూ ఆచరణలో చూస్తూ ఉండేవారు. తన ఆసుపత్రిలో వేలాది మందికి మత్తు ఇచ్చామని, శ్వాసను మాత్రమే గమనించామని, అపాయం కలగలేదని లారీ చెప్పుకునేవాడు.

5. రెండు కమిషన్లు

ఈ అనుభవాన్ని ప్రయోగాలతో ధ్రువపరచడానికి 1888లో మొదటి కమిషన్ ఏర్పడింది. పాట్రిక్ హెహిర్ దీనికి అధ్యక్షుడు. కుక్కలకు క్లోరోఫారం ఇచ్చి, ముందుగా ఆగేది శ్వాసా, గుండెా అని పరిశీలించారు. ప్రతిసారీ శ్వాసే ముందు ఆగిందని కమిషన్ ప్రకటించింది. లండన్ వైద్య పత్రిక ది లాన్సెట్ దీనిని సులభంగా అంగీకరించలేదు. అప్పుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇస్తామని, ఆ పత్రిక తన ప్రతినిధిని పంపి స్వయంగా పరీక్షించుకోవచ్చునని తెలియజేసింది. ఒక సంస్థాన ప్రభుత్వం తన రాజధానిలో జరిగిన ప్రయోగాన్ని ప్రత్యర్థులే వచ్చి పరీక్షించమని ఆహ్వానించడం ఆ కాలానికి అసాధారణమైన చర్య.

పత్రిక ప్రతినిధిగా ప్రసిద్ధ ఔషధ శాస్త్రవేత్త థామస్ లాడర్ బ్రంటన్ వచ్చాడు. రెండవ కమిషన్‌లో లారీ, బ్రంటన్‌లతో పాటు జెరాల్డ్ బాంఫర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులు. 1889 చివరి నెలలలో కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, గుర్రాలు, కుందేళ్లు మొదలైన వందలాది జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. వాటిలో వందకు పైగా జంతువులలో రక్తపోటును కొలిచి, తిరిగే కాగితంపై గీతలుగా నమోదు చేశారు. అంతకుముందు గుండెకే అపాయమని భావించిన బ్రంటన్ హైదరాబాదులో తన అభిప్రాయం మార్చుకున్నాడు. అపాయమల్లా ఊపిరాడకపోవడం వల్ల గానీ, మోతాదు మించడం వల్ల గానీ వస్తుందని, గుండెకు నేరుగా వచ్చే ప్రమాదం ఏదీ లేదని కమిషన్ తేల్చింది. 1890లో ది లాన్సెట్ ఈ నివేదికను ప్రచురించింది.

శస్త్రచికిత్సా సమయపు భయం, నొప్పి వల్ల గుండె హఠాత్తుగా ఆగుతుందేమో అని కూడా కమిషన్ పరీక్షించింది. పూర్తి మత్తు లేని స్థితిలో జంతువులకు ఆపరేషన్లు చేసి చూసింది. అటువంటి మరణం కనిపించలేదు. కనిపించలేదు కనుక అది లేదని నిర్ణయించింది. నాడి నుంచి వేలు తీసి, కళ్లు శ్వాస మీద నిలపాలన్నది దాని ఆచరణ సూత్రం.

6. నిర్ణయం ఎందుకు నిలవలేదు?

హైదరాబాదులో ప్రయోగాలు జరుగుతున్న 1889లోనే స్కాట్లండులోని అబర్డీన్‌లో జాన్ మెక్‌విలియం మనుషులలో హఠాన్మరణానికి గుండె కింది గదుల అస్తవ్యస్త కంపనం కారణం కావచ్చునని ప్రతిపాదించాడు. 1893లో కేంబ్రిడ్జికి చెందిన గాస్కెల్, షోర్ క్లోరోఫారం గుండె మీద నేరుగా పనిచేస్తుందని చూపి, హైదరాబాదు నివేదికను విమర్శించారు. నిర్ణాయకమైన సమాధానం 1911లో వచ్చింది. ఆల్‌ఫ్రెడ్ గుడ్‌మన్ లెవీ పిల్లులకు స్వల్ప మోతాదులో క్లోరోఫారం ఇచ్చి, ఆ స్థితిలో ఎడ్రినలిన్ ఎక్కించినప్పుడు గుండె లయ తప్పి, కింది గదులు కంపించి మరణం సంభవించడం చూపాడు. గాఢమైన మత్తు కన్నా తేలికపాటి మత్తులోనే ఈ అపాయం ఎక్కువ. భయం వల్ల శరీరంలో సహజంగా పెరిగే ఎడ్రినలిన్ ఇందుకు దోహదం చేస్తుంది. కాలిగోరు తీయించుకోవడానికి భయపడుతూ వచ్చిన బాలికలు ఎందుకు మరణించారో దీనితో అర్థమయింది.

హైదరాబాదు కమిషన్ అశ్రద్ధగా పనిచేసిందని చెప్పడానికి వీలులేదు. ఆ కాలానికి అంత విస్తృతమైన ప్రయోగం అరుదు. లోపాలు మూడు చోట్ల కనిపిస్తాయి. మొదటిది సాధనం. రక్తపోటు గీత గుండె బలహీనపడిందని చెప్పగలదు గానీ, దాని విద్యుత్ లయ ఎలా చెదిరిందో చెప్పలేదు. గుండె విద్యుత్తును స్పష్టంగా నమోదు చేసే ఐంథోవెన్ యంత్రం వెలుగులోకి వచ్చింది 1903లో. రెండవది సంఖ్య. అనేక వేలమందిలో ఒకరికి సంభవించే ఘటన కొన్ని వందల ప్రయోగాలలో కనిపించకపోవడం సహజం. 'జరగలేదు' అన్న పరిశీలనను 'జరగదు' అన్న సూత్రంగా మార్చడమే పొరపాటు. మూడవది అన్వయం. ప్రయోగశాలలో కట్టివేసిన జంతువుకూ, శస్త్రచికిత్స బల్ల మీద వణుకుతున్న మనిషికీ ఉన్న భేదాన్ని తగినంత లెక్కలోకి తీసుకోలేదు.

అయితే కమిషన్ బోధనలో నిలిచిన భాగం కూడా ఉంది. శ్వాసను నిరంతరం గమనించాలి, మోతాదు మించరాదు అన్న నియమాలు నేటికీ మత్తు వైద్యానికి పునాదులు. తప్పు శ్వాసను చూడమనడంలో లేదు, నాడిని వదలమనడంలో ఉంది.

7. గుండె శస్త్రచికిత్సా కాలం: కొత్త ప్రశ్న, పాత చిక్కు

1909లో థామస్ లూయిస్ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మనుషులలో తరచుగా కనిపించే స్థితి అని విద్యుత్ గీతల ఆధారంగా నిరూపించాడు. 1953 మే 6న జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికంగా నిర్వహించే యంత్రం సహాయంతో శస్త్రచికిత్స చేసి రోగిని బతికించాడు. దానితో గుండెను తెరిచి బాగుచేయడం సాధ్యమయింది. లయభంగం కూడా కొత్త రూపంలో ఎదురయింది. ఇది బల్ల మీద ఒక్క క్షణంలో ప్రాణం తీసే కంపనం కాదు. రెండు మూడు రోజుల తరువాత పై గదులలో మొదలయ్యే అలజడి. కోత వల్ల కలిగే వాపు, గుండె చుట్టూ చేరే ద్రవం, లవణాల హెచ్చుతగ్గులు దీనికి కారణాలు. శస్త్రచికిత్సానంతరం శరీరంలో పెరిగే ఎడ్రినలిన్ వంటి స్రావాలు మరో ముఖ్య కారణం. లెవీ పిల్లులలో చూసిన ప్రేరకమే ఇక్కడ వేరే గదిలో పనిచేస్తున్నది. ఎడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే బీటా బ్లాకర్ మందులు ఈ లయభంగాన్ని తగ్గించడం ఇందుకు తగిన నిదర్శనం.

ఎవరికి వస్తుందో చెప్పడానికి అనేక సూచికలు తయారయ్యాయి. 2004లో వెలువడిన ఒక అధ్యయనం 17 దేశాలలోని 70 కేంద్రాల నుంచి 4,657 మంది బైపాస్ రోగులను పరిశీలించింది. వారిలో సుమారు 32 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చింది. వయసు, పూర్వం ఇదే లయభంగం ఉండడం, ఊపిరితిత్తుల వ్యాధి, కవాట శస్త్రచికిత్స, బీటా బ్లాకర్లను ఆపివేయడం ముప్పును పెంచే అంశాలుగా తేలాయి. 2014లో ఐరోపాలోని మూడు ఆసుపత్రులలో శస్త్రచికిత్స పొందిన 17 వేల మందికి పైగా రోగుల ఆధారంగా మరింత సులభమైన సూచిక వచ్చింది. అందులో అరవై ఏళ్లు దాటితే ఒక మార్కు, డెబ్బై దాటితే రెండు, ఎనభై దాటితే మూడు. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి, తీవ్రమైన మూత్రపిండ వైఫల్యం, అత్యవసర శస్త్రచికిత్స, గుండె పంపింగ్ బాగా తగ్గడం, గుండెకు ముందుగానే బెలూన్ పంపు అమర్చవలసి రావడం, కవాట శస్త్రచికిత్స - వీటికి ఒక్కొక్క మార్కు.

8. తెలంగాణ రోగి - జహీరాబాదు ప్రాంతం

ఈ సూచికను తెలంగాణ రోగికి వర్తింపజేసి చూస్తే చిక్కు బయటపడుతుంది. మన దేశంలో కవాట శస్త్రచికిత్స పొందేవారిలో రుమాటిక్ గుండె జబ్బు ఉన్నవారు గణనీయంగా ఉన్నారు. బాల్యంలో గొంతునొప్పిగా మొదలైన స్ట్రెప్టోకాకస్ సోకుడు కీళ్లవాతపు జ్వరంగా మారి, ఏళ్లు గడిచాక కవాటాన్ని కుంచింపజేస్తుంది. దానితో గుండె ఎడమ పై గది క్రమంగా ఉబ్బుతుంది. లయభంగానికి ఆ ఉబ్బే అనువైన నేల. ముప్పై ఏళ్ల రుమాటిక్ రోగికి పై సూచికలో వయసు కింద సున్నా, కవాట శస్త్రచికిత్సకు ఒకటి. మొత్తం ఒక్క మార్కు. అరవై రెండేళ్ల వయసులో బైపాస్ చేయించుకుంటున్న, వేరే జబ్బులు లేని మనిషికీ ఒక్క మార్కే. ఇద్దరి గుండెలు మాత్రం ఒకటి కావు. ఎడమ పై గది పరిమాణానికి ఆ సూచికలో చోటు లేదు. పైగా రుమాటిక్ రోగులలో కొందరికి శస్త్రచికిత్సకు ముందే ఈ లయభంగం ఉంటుంది. వారి విషయంలో కొత్తగా వస్తుందా అన్న ప్రశ్నే వర్తించదు. ఐరోపా వృద్ధుల నుంచి నేర్చుకున్న సూత్రం తెలంగాణ యువ రోగిని తక్కువ ముప్పు జాబితాలో చేర్చే అవకాశం ఉంది. 1889 నాటి అన్వయ దోషం సంఖ్యల రూపంలో తిరిగి రాగలదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

జహీరాబాదు ప్రాంతానికి ఈ చర్చలో మరొక కోణం ఉంది. నిజాం రాజ్యంలో బీదరు జిల్లాకు చెందిన ఈ తాలూకా ప్రధాన భాగం 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో తెలుగు రాష్ట్రంతో ఉండి మెదక్ జిల్లాలో చేరింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసి వినిపించే సరిహద్దు ప్రాంతమిది. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైన తరువాత గుండె ఆపరేషన్ ఖర్చు భరించలేని కుటుంబాలకు కూడా పెద్ద ఆసుపత్రుల తలుపులు తెరుచుకున్నాయి. అయితే శస్త్రచికిత్స నగరంలో జరిగినా, కోలుకోవడం ఊరిలోనే జరుగుతుంది. ఆసుపత్రిలో మొదటి రోజులలో తెర మీద గుండె గీత నిరంతరం కనిపిస్తుంది. ఇంటికి వచ్చిన తరువాత లయ తిరిగి తప్పితే దానిని గుర్తించేది ఎవరు? గుండె దడ, ఆయాసం, నీరసం ఆపరేషన్ బలహీనతగా భావించి ఊరుకునే ప్రమాదం ఉంది. నగరానికి దూరంగా ఉన్న రోగికి తక్కువ ముప్పు అన్న ముద్ర, ఎక్కువ ముప్పు అన్న ముద్ర కన్నా ఎక్కువ హాని చేయగలదు; ఎందుకంటే అది గమనింపును తగ్గిస్తుంది.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో నాడి ఏ క్రమమూ లేకుండా కొట్టుకుంటుంది. ఒక నిమిషం పాటు మణికట్టు మీద వేళ్లు ఉంచితే, శిక్షణ పొందిన నర్సు గానీ ఆరోగ్య కార్యకర్త గానీ దానిని అనుమానించగలరు. ధ్రువీకరించడానికి ఈసీజీ కావాలి. అనుమానించడానికి మాత్రం వేలు చాలు. ప్రాంతీయ ఆసుపత్రి స్థాయిలోనే ఈ రెండు పనులూ జరగగలవు.

9. ముగింపు

హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లను కొందరు తెలంగాణ వైద్య వైభవానికి గుర్తుగా, మరికొందరు శాస్త్రంలో జరిగిన పొరపాటుగా మాత్రమే చూస్తారు. ఈ పరిశీలనలో తేలిన అంశాలివి:

- ఆగి ఆగి నడిచే నాడి అపాయానికి సూచన అన్న గ్రహింపు ఆయుర్వేద సంప్రదాయంలో ప్రాచీన కాలం నుంచి ఉంది.
- 1888, 1889 కమిషన్లు నాటి సాధనాల పరిధిలో శ్రద్ధగా పనిచేశాయి. శ్వాస విషయంలో వాటి బోధన నిలిచింది. గుండె విషయంలో, అరుదైన ఘటన కనిపించకపోవడాన్ని అది లేదనడానికి రుజువుగా స్వీకరించడం వల్ల నిర్ణయం నిలవలేదు.
- లయభంగంలో ఎడ్రినలిన్ పాత్రను లెవీ 1911లో చూపాడు. నేటి శస్త్రచికిత్సానంతర లయభంగ నివారణలోనూ ఆ సూత్రం పనిచేస్తున్నది.
- ఐరోపా రోగుల ఆధారంగా ఏర్పడిన సూచికలను రుమాటిక్ కవాట వ్యాధి ఉన్న తెలంగాణ యువ రోగులకు వర్తింపజేసే ముందు, ఇక్కడి రోగులలోనే పరీక్షించడం అవసరం.
- అంచనా ఏదైనా, అది గమనింపుకు సహాయం కావాలి గానీ ప్రత్యామ్నాయం కాకూడదు.

ఆ నివేదికను నమ్మి నాడి మీద నుంచి వేలు తీసిన వైద్యుడికి తన తప్పు తెలిసే అవకాశం లేకపోయింది. అతని ముందున్న రోగికి ఆ అవకాశమూ మిగలలేదు. జహీరాబాదుకు తిరిగివచ్చిన రోగి చీటీ మీద తక్కువ ముప్పు అని ఉన్నా, అతని నాడిని ఒకరు పట్టి చూడవలసిందేనని ఈ చరిత్ర చెబుతున్నది.